ఒక గడి ఖాళీగా ఉంచండి!

నూటికి నూరు మార్కులు, ఆటల్లో పతకాలు, సంగీతంలో సర్టిఫికెట్లు... ఇలా అన్నింట్లో ముందుండే పిల్లల్ని ఏరికోరి చేర్చుకునే విశ్వవిద్యాలయం హార్వర్డ్. అలాంటి చోట డీన్‌గా పనిచేసిన వ్యక్తి కొత్త విద్యార్థులకు ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా... ‘కాస్త నెమ్మదించండి’ అని! పోనీ ఆయనేమన్నా తత్వశాస్త్రం చెప్పే మాస్టారా అంటే... కాదు. బిల్‌గేట్స్‌కి పాఠం చెప్పిన కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. చదువంటే ఏమిటో, కాలేజీలో గడిపే నాలుగేళ్లు ఎందుకో ఆ ప్రొఫెసర్ హ్యారీ లూయిస్ మాటల్లో తెలుసుకుంటే ఆశ్చర్యమే కాదు, ఆలోచనా కలుగుతుంది.

హార్వర్డ్‌లో డిగ్రీ సీటంటే మాటలు కాదు. దరఖాస్తు పెట్టుకున్న ప్రతి వందమందిలో దక్కేది సుమారు నలుగురికే. ఆ కొద్దిమందిలో ఒకరు కావాలంటే పరుగు చిన్నప్పుడే మొదలవ్వాలి. బడిలో మొదటి స్థానం, పియానోనో వయొలినో, ఈతలో పతకం, సెలవుల్లో సమాజసేవ... పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఆ పిల్లల దినచర్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా ఖాళీ ఉండదు. తీరా సీటొచ్చి, పెట్టే బేడా సర్దుకుని క్యాంపస్‌కి చేరేసరికి డీన్ దగ్గర్నుంచి ఓ ఉత్తరం. ‘ఇన్నాళ్లూ పడ్డ కష్టం చాలదు, ఇక అసలు పోటీ మొదలైంది’ అని హెచ్చరిక ఉంటుందనుకుంటాం కదూ! కానీ 2001లో హ్యారీ లూయిస్ రాసిన ఉత్తరానికి పేరే ‘స్లో డౌన్’. తక్కువ పనులు పెట్టుకుని హార్వర్డ్ నుంచి ఎక్కువ పొందడమెలా అన్నది అందులోని సారాంశం.

లూయిస్ 1995 నుంచి 2003 దాకా హార్వర్డ్ కాలేజీ డీన్. అంటే డిగ్రీ విద్యార్థుల చదువు, వసతి, క్రమశిక్షణ, ఆటపాటలు, కష్టసుఖాలు... అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. తెల్లారేదాకా నిద్రపోకుండా మూడు సంఘాల్లో పదవులు చేస్తున్నవాళ్లూ, నాలుగేళ్ల కోర్సుని మూడేళ్లలో ముగించాలని తాపత్రయపడేవాళ్లూ, రెండు సబ్జెక్టుల్ని భుజానికెత్తుకుని నలిగిపోతున్నవాళ్లూ... ఎందరినో ఆయన దగ్గర్నుంచి చూశాడు. ఆ అనుభవంలోంచి వచ్చిందే ఆ ఉత్తరం.

పదిహేను పలకల పాఠం

చిన్నప్పుడు చాలామంది ఆడుకునే ఉంటారు... అరచేతిలో ఇమిడే చదరపు ప్లాస్టిక్ పెట్టె. అందులో అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు... మొత్తం పదహారు గళ్లు. ఒకటి నుంచి పదిహేను దాకా అంకెలున్న పలకలు. వాటిని అటూ ఇటూ జరుపుతూ వరసలో పెట్టాలి. పదహారో గడి ఖాళీ. ఆ ఒక్క గడిలో కూడా ఓ పలక పెట్టేస్తే? పెట్టె నిండుతుంది, ఆట ఆగిపోతుంది. ఒక్క పలకైనా కదలదు!

లూయిస్ తన ఉత్తరంలో ఈ బొమ్మనే ఉదాహరణగా తీసుకున్నాడు. రోజులో ఖాళీ సమయం కనపడగానే దాన్ని ఏదో ఒక పనితో నింపేయాలని చూడొద్దంటాడు. మనసులో ఉన్న మిగతా ఆలోచనలన్నీ కదిలి, కొత్త వరసలో కుదురుకోవడానికి వీలిచ్చేది ఆ ఖాళీయేనట. తీరిక, ఆటవిడుపు, ఏకాంతం... ఇవి ఉన్నవాళ్లే ఏదైనా ఒక రంగంలో గొప్ప పని చేయడానికి కావాల్సిన శ్రమని ఎక్కువ కాలం కొనసాగించగలరన్నది ఆయన వాదన. అంటే ఆయన చెబుతున్నది బద్ధకం గురించి కాదు, దీర్ఘకాలం అలసిపోకుండా పనిచేయడం గురించి.

ఆ ఉత్తరంలో అమ్మానాన్నల్ని ఉలిక్కిపడేలా చేసే మాటలు ఇంకా ఉన్నాయి. ఏదో ఒక పనిని కేవలం సరదా కోసం చేయమంటాడు. రేపు ఉద్యోగానికి పనికొస్తుందనో, బయోడేటాలో ఒక వాక్యం చేరుతుందనో నాయకత్వ పదవుల వెంట పడొద్దంటాడు. గదిలో తోటివాళ్లతో, స్నేహితులతో పనీపాటా లేకుండా గడిపిన సమయంలో ఏర్పడే అనుబంధాలు, చదివిన కొన్ని పాఠాలకన్నా జీవితం మీద ఎక్కువ ప్రభావం చూపవచ్చంటాడు. కబుర్లతో కాలక్షేపం చేస్తున్నారని పిల్లల్ని కోప్పడే పెద్దలకు ఇది కాస్త మింగుడుపడని విషయమే!

అట్ల దొంతర... బిల్‌గేట్స్

ఇంతకీ ఎవరీ లూయిస్? 1947లో పుట్టాడు. హార్వర్డ్‌లోనే అనువర్తిత గణితం చదివాడు. 1974లో డాక్టరేట్ పూర్తిచేసి అక్కడే పాఠాలు చెప్పడం మొదలెట్టాడు. క్రిస్టోస్ పాపడిమిట్రియూతో కలిసి ఆయన రాసిన ‘ఎలిమెంట్స్ ఆఫ్ ది థియరీ ఆఫ్ కంప్యుటేషన్’ (1981) పేరు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సీఎస్‌ఈ చదివినవాళ్లలో చాలామందికి పరిచయమే.

ఆయన పాఠాలు విన్న తొలి విద్యార్థుల్లో ఓ కుర్రాడు బిల్‌గేట్స్. ఒకరోజు తరగతిలో లూయిస్ ఓ చిక్కుముడి చెప్పాడు. పెనం మీంచి తీసిన అట్లు రకరకాల సైజుల్లో ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా పేర్చి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది అడుగున, చిన్నది పైన ఉండేలా సర్దాలి. అయితే ఒకటే నియమం... అట్లకాడని దొంతరలో ఎక్కడో ఒకచోట దూర్చి, దానిపైన ఉన్న అట్లన్నిటినీ ఒక్కసారిగా తిరగేయాలి. మొత్తం సర్దడానికి ఎన్నిసార్లు తిరగేయాల్సి వస్తుంది? వినడానికి వంటింటి సరదాలా ఉంది కానీ గణితవేత్తలకి కొరుకుడుపడని ప్రశ్న అది.

కొన్నాళ్లకే గేట్స్ అంతకుముందున్న వాటికన్నా మెరుగైన పద్ధతితో వచ్చాడు. పాపడిమిట్రియూతో కలిసి దాన్ని 1979లో పరిశోధన పత్రంగా ప్రచురించాడు. ఆ ఫలితాన్ని మరొకరు మెరుగుపరచడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది! అందులో ఇంకో తమాషా ఉంది. పత్రం ప్రచురణకు అంగీకారమైందన్న కబురు చెబుదామని పాపడిమిట్రియూ ఫోన్ చేసేసరికి గేట్స్ చదువు మానేసి, అల్బుకర్కీ అనే ఊళ్లో ఏదో చిన్న కంపెనీ నడుపుకొంటున్నాడు. ఇంత తెలివైన కుర్రాడు, వృథా అయిపోతున్నాడే అని అప్పుడు తాను బాధపడ్డానని పాపడిమిట్రియూ తర్వాతెప్పుడో నవ్వుకుంటూ చెప్పాడు. ఆ చిన్న కంపెనీ పేరు మైక్రోసాఫ్ట్!

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే ‘చూశారా, చదువు మానేసినా కోటీశ్వరుడయ్యాడు’ అనిపిస్తుంది. కానీ 2007లో అదే హార్వర్డ్ గౌరవ డిగ్రీ ఇచ్చినప్పుడు గేట్స్ చేసిన ప్రసంగం వినాలి. తనకు ఒక పెద్ద విచారం మిగిలిపోయిందన్నాడు. ప్రపంచంలో ఆరోగ్యంలో, సంపదలో, అవకాశాల్లో ఎంత ఘోరమైన అసమానతలున్నాయో తెలియకుండానే హార్వర్డ్ వదిలి వెళ్లాననీ, అవి తెలుసుకోవడానికి దశాబ్దాలు పట్టిందనీ ఒప్పుకున్నాడు. అట్ల దొంతర లెక్కను కొద్దిరోజుల్లో తేల్చేసిన బుర్రకు కూడా తెలియాల్సినవి ఇంకా ఉన్నాయన్నమాట. ‘లిబరల్ ఆర్ట్స్’ చదువు మొదలయ్యేది సరిగ్గా ఆ వెలితి దగ్గరే.

ఆర్ట్స్ గ్రూపు కాదు!

లిబరల్ ఆర్ట్స్ అనగానే మనవాళ్లలో చాలామంది ‘ఓహో, హెచ్‌ఈసీ లాంటిదా’ అనేస్తారు. ఎంపీసీలో సీటు రానివాళ్లు చదివేదని ఓ చిన్నచూపు. నిజానికి ఆ మాటకు అర్థం వేరు. ‘లిబరల్’ అనేది స్వేచ్ఛ అన్న అర్థమున్న లాటిన్ మాటలోంచి వచ్చింది. ఎవరి చేతికిందో కాకుండా తన బతుకు తాను నిర్ణయించుకునే మనిషికి, ఊరి వ్యవహారాల్లో నోరు విప్పి మాట్లాడాల్సిన పౌరుడికి అవసరమైన చదువు అని దాని భావం. మధ్యయుగాల నాటి ఐరోపా విశ్వవిద్యాలయాల్లో ఇవి ఏడు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం... ఈ మూడూ మాటకు సంబంధించినవి. అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళశాస్త్రం... ఈ నాలుగూ లెక్కకు సంబంధించినవి. అంటే గణితమూ సైన్సూ మొదట్నుంచీ ఈ కుటుంబంలోనివే!

1636లో మొదలైన హార్వర్డ్‌లో చాలాకాలం అందరూ ఒకటే చదువు చదివేవారు. 1869లో అధ్యక్షుడైన ఛార్లెస్ ఎలియట్ ఆ కట్టు విప్పేశాడు. నలభై ఏళ్ల పదవీకాలంలో విద్యార్థులకు నచ్చిన కోర్సులు ఎంచుకునే స్వేచ్ఛనిచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన లారెన్స్ లోవెల్ ‘స్వేచ్ఛ మరీ ఎక్కువైంది’ అనుకున్నాడు. ఒక విషయాన్ని లోతుగా, మిగతావి కొన్నైనా వెడల్పుగా చదవాలని నియమం తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో, ప్రజాస్వామ్యంలో బతికే ప్రతి ఒక్కరికీ ఉమ్మడిగా తెలియాల్సినదేమిటన్న ప్రశ్న మీద అధ్యాపకులు ఓ నివేదిక రాశారు. 1979లో ‘కోర్’ పాఠ్యప్రణాళిక, 2009లో మరొకటి, 2019లో దానికి సవరణ... ఇలా ప్రతి తరంలోనూ అదే ప్రశ్న మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంది.

ఇప్పుడు అక్కడ పట్టా కావాలంటే సుమారుగా 32 కోర్సులు చదవాలి. కంప్యూటర్ సైన్స్ తీసుకున్నా సరే... కళలు-సంస్కృతి, నీతి-పౌరధర్మం, చరిత్ర-సమాజం, సమాజంలో సైన్స్ పాత్ర... ఈ నాలుగు విభాగాల్లోనూ ఒక్కో కోర్సు తప్పదు. ప్రధాన సబ్జెక్టు ఏదన్నది చేరిన రోజునే తేల్చుకోనక్కర్లేదు, రెండో ఏడాదిలో చెబితే చాలు. ఇక, 1872 నుంచీ అక్కడ అందరికీ తప్పనిసరిగా ఉన్న పాఠం ఏమిటో తెలుసా? వ్యాసం రాయడం! తన మనసులో ఉన్నది నలుగురికీ అర్థమయ్యేలా, ఆధారాలతో రాయడం రాకపోతే ఎంత చదివినా ఏం లాభమన్నది వాళ్ల ఉద్దేశం.

హాస్టలూ తరగతి గదే

పాఠాలు చెప్పేది మాస్టార్లే కాదు, పక్కమంచం మీది స్నేహితుడు కూడా. హార్వర్డ్‌లో మొదటి ఏడాది పిల్లలంతా పాత క్యాంపస్‌లో కలిసి ఉంటారు. రెండో ఏడాది నుంచి పన్నెండు ‘హౌస్’లలో ఏదో ఒకదానికి మారతారు. 1930లో మొదలైన ఈ హౌస్‌లు ఉత్త హాస్టళ్లు కావు. ఒక్కోదానికి సొంత భోజనశాల, గ్రంథాలయం ఉంటాయి. ఒక ప్రొఫెసరు కుటుంబంతో సహా అక్కడే కాపురముంటారు.

ఒకప్పుడు విద్యార్థులు తమకు ఇష్టమైన హౌస్‌ని కోరుకునే వీలుండేది. దాంతో ఏమైంది? ఆటగాళ్లంతా ఒకచోట, నాటకాలూ కవిత్వమూ అనేవాళ్లంతా ఇంకోచోట... ఎవరి గూటికి వాళ్లు చేరిపోయారు. డీన్ కావడానికి ముందు, 1994లో లూయిస్ సహరచయితగా వెలువడిన నివేదిక ఈ పద్ధతి మార్చాలని సిఫార్సు చేసింది. 1996 నుంచి కేటాయింపు చీటీలు తీసినట్టే జరుగుతోంది. కొద్దిమంది స్నేహితులు ఒక జట్టుగా ఉండొచ్చు కానీ ఆ జట్టు ఏ హౌస్‌కి వెళుతుందన్నది అదృష్టమే.

అప్పట్లో విద్యార్థులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. కానీ ధనవంతుల ఇంటి పిల్ల, పల్లెటూరి రైతుబిడ్డ, ఫుట్‌బాల్ ఆడేవాడు, ఫిజిక్స్ తప్ప మరో లోకం తెలియనివాడు... ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటేనే కదా ఒకరి ప్రపంచం మరొకరికి తెలిసేది! ఇప్పుడు ఏటా మార్చిలో ఆ ఫలితాలు చెప్పే రోజు క్యాంపస్‌లో పండగే. సీనియర్లు తమ హౌస్ జెండాలతో పొద్దున్నే వచ్చి, తలుపులు బాది మరీ కొత్తవాళ్లకు స్వాగతం చెబుతారు.

అందరూ ఫస్టే!

డీన్‌గా ఉన్న కాలంలో లూయిస్ ఎదుర్కొన్న మరో తలనొప్పి గ్రేడ్లు. 2001లో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకున్నవారిలో 91 శాతం మంది ‘ఆనర్స్’తో బయటికొచ్చారని బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది. అందరికీ వచ్చేది ఆనర్స్ ఎలా అవుతుందంటూ దేశమంతా నవ్వింది. దాంతో 2005 నుంచి ఆనర్స్ 60 శాతం మందికి మించకుండా పరిమితి పెట్టారు. అయినా గ్రేడ్ల జోరు ఆగలేదు. ఇరవై ఏళ్ల కిందట ఇచ్చిన గ్రేడ్లలో పావు వంతు ‘ఎ’లుంటే, ఇప్పుడు 60 శాతం దాకా అవేనని 2025 అక్టోబరులో హార్వర్డ్ నివేదికే చెప్పింది.

ఈ గొడవ మీద లూయిస్ ఆలోచన కాస్త భిన్నం. ఆయన పాత కాగితాలు తిరగేస్తే 1894లోనే ఓ కమిటీ ‘ఎ’లూ ‘బి’లూ మరీ తేలిగ్గా ఇచ్చేస్తున్నారని వాపోయిన సంగతి బయటపడింది. అంటే ఈ ఏడుపు నూరేళ్ల నాటిది! అసలు చిక్కు గ్రేడ్లు పెరగడంలో లేదు, అవి ఎవరికోసమన్నదాంట్లో ఉందంటాడు లూయిస్. ఎక్కడ తప్పు చేశావో, ఎక్కడ మెరుగుపడాలో విద్యార్థికి చెప్పాల్సిన గ్రేడు... ఉద్యోగమిచ్చే కంపెనీకి చూపించే ముద్రగా మారిపోయింది. ముద్రే ముఖ్యమైపోయినప్పుడు తెలియని సబ్జెక్టు జోలికి ఎవరు వెళతారు? తప్పకుండా ‘ఎ’ వచ్చేదే ఎంచుకుంటారు. ఓడిపోయే స్వేచ్ఛ లేనిచోట కొత్తది నేర్చుకునే స్వేచ్ఛా ఉండదు.

పదవి పోయాక...

2003లో యాజమాన్యం లూయిస్ పదవిని మరో డీన్ పదవితో కలిపేసింది. ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. అలిగి వెళ్లిపోలేదు, మళ్లీ సుద్దముక్క పట్టుకుని తరగతికి వెళ్లాడు. మూడేళ్లకు ఓ పుస్తకం రాశాడు. పేరు ‘ఎక్స్‌లెన్స్ వితౌట్ ఎ సోల్’. ‘ఆత్మలేని ఔన్నత్యం’ అనుకోవచ్చు.

అందులో ఆయన చేసిన విమర్శ సూటిగా ఉంటుంది. పరిశోధనలో విశ్వవిద్యాలయాలు ఎన్నడూ లేనంత గొప్పగా ఉన్నాయి, కాదనడు. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లల్ని చేర్చుకుని నాలుగేళ్ల తర్వాత పెద్దవాళ్లుగా పంపాలన్న మొదటి బాధ్యత మరిచిపోయాయంటాడు. తానెవరో తెలుసుకోవడం, తన బతుక్కి తనకన్నా పెద్ద ప్రయోజనం ఒకటి వెతుక్కోవడం, వచ్చినప్పటికన్నా మంచి మనిషిగా బయటికెళ్లడం... ఇవి నేర్పేదెవరు? అధ్యాపకుల్ని ఎంపిక చేసేది పరిశోధన చూసి. పిల్లల ఎదుగుదల చూడాల్సింది ఎవరంటే సమాధానం ఉండదు. ‘ఎవరికేం కావాలో వాళ్లే ఎంచుకుంటారు’ అంటూ విద్యార్థిని వినియోగదారుడిలా చూసే ధోరణి పెరిగింది. డబ్బు కట్టాం కాబట్టి లోటు రాకూడదని అమ్మానాన్నలు, వాళ్ల మెప్పు కోసం సౌకర్యాలు పెంచే కాలేజీలు. ఈ బేరంలో చదువు సంగతే పక్కకు పోయిందన్నది ఆయన ఆవేదన.

ఫేస్‌బుక్‌కి ముందు ఓ ప్రశ్న

ఇవన్నీ గాల్లో కబుర్లనుకునేవాళ్లు 2004 జనవరిలో జరిగిన ఓ సంఘటన తెలుసుకోవాలి. మార్క్ జుకర్‌బర్గ్ అనే రెండో ఏడాది విద్యార్థి లూయిస్‌కి మెయిల్ పంపాడు. విద్యార్థి పత్రిక ‘క్రిమ్సన్’లో వచ్చిన వార్తల ఆధారంగా, క్యాంపస్‌లో ఎవరు ఎవరితో ఎలా ముడిపడి ఉన్నారో చూపే సైటు తయారుచేశాననీ, అందరినీ కలిపే బిందువుగా లూయిస్ పేరే పెట్టుకోవాలనుకుంటున్నాననీ, అనుమతి కావాలనీ దాని సారాంశం. డీన్‌గా ఎనిమిదేళ్లు వార్తల్లో ఉన్న మనిషి కదా!

మరొకరైతే పొంగిపోయి సరేననేవారు. లూయిస్ మాత్రం ముందు ఒకసారి చూపించమన్నాడు. ఇదంతా బహిరంగంగా దొరికే సమాచారమే అయినా, అన్నీ ఒకచోట పోగేస్తే ఏదో ఒక దశలో మనుషుల ఏకాంతంలోకి చొరబడినట్టు అనిపిస్తుందని తన సంకోచం బయటపెట్టాడు. తర్వాత ఒప్పుకున్నాడు. మరికొద్ది రోజులకే, 2004 ఫిబ్రవరి 4న అదే కుర్రాడు ఫేస్‌బుక్ మొదలెట్టాడు.

పద్నాలుగేళ్లు గడిచాయి. 2018లో 8.7 కోట్ల మంది ఫేస్‌బుక్ ఖాతాదారుల వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ చేతికి చేరిన ఉదంతం బయటపడి, జుకర్‌బర్గ్ అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆనాడు మాస్టారి మెయిల్‌లో తొంగిచూసిన సందేహమే అక్కడ ప్రపంచమంతా వినేలా ప్రశ్నయింది. ప్రోగ్రామ్ ఎలా రాయాలన్నది కంప్యూటర్ సైన్స్ చెబుతుంది. రాయొచ్చా, రాస్తే ఎవరికి ఏమవుతుందన్నది చెప్పడానికి చరిత్ర, నీతి, న్యాయం తెలియాలి. డిజిటల్ సమాచారం మన స్వేచ్ఛను ఎలా మారుస్తోందన్న దాని మీద 2008లో లూయిస్ మరో ఇద్దరితో కలిసి ‘బ్లోన్ టు బిట్స్’ అనే పుస్తకమే రాశాడు.

మరి ఉద్యోగం?

‘అన్నీ బాగానే ఉన్నాయి. కడుపు నిండినవాళ్లకు చెల్లుతుంది. అప్పుచేసి చదివిస్తున్న మాకు ఉద్యోగం కాక ఇంకేం కావాలి?’... ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. ఇంటికి ఆసరాగా నిలబడాల్సిన పిల్లలకు తీరిక గురించి చెప్పడం తేలికే, పాటించడమే కష్టం. హార్వర్డ్ పట్టా అంటూ ఒకటి చేతిలో ఉంటే నెమ్మదించినా నష్టం లేదు. అందరికీ ఆ ధైర్యం ఎక్కడిది?

అయితే రెండు విషయాలు గమనించాలి. ఒకటి... ఉద్యోగం వద్దని లూయిస్ ఎక్కడా చెప్పలేదు. ఆయన జీవితమంతా చెప్పిందే కంప్యూటర్ సైన్స్. 2015లో హార్వర్డ్ ఇంజినీరింగ్ స్కూలుకి కొన్నాళ్లు తాత్కాలిక డీన్‌గా కూడా పనిచేశాడు. వృత్తి నేర్పే చదువు, మనిషిని చేసే చదువు పోటీదారులు కావన్నదే ఆయన మాట. రెండు... మొదటి ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యం నలభై ఏళ్లు నిలవదు. ప్రోగ్రాములు కూడా రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చేసిన ఈ రోజుల్లో ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సరైన ప్రశ్న వేయడం, వచ్చిన జవాబు నిజమో కాదో తేల్చుకోవడం, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం... ఇవి పాతబడే నైపుణ్యాలు కావు.

ఖర్చు గురించీ ఓ మాట. అమెరికాలో డిగ్రీ అంటే కోట్లలో పనే. కానీ హార్వర్డ్‌లో డిగ్రీ విద్యార్థుల ఎంపికప్పుడు కుటుంబానికి డబ్బు కట్టే స్తోమత ఉందా లేదా అన్నది చూడరు. విదేశీ విద్యార్థులకూ అదే నియమం. 2025-26 విద్యాసంవత్సరం నుంచి ఏడాదికి రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే ఎమ్మెస్ లాంటి కోర్సులకు మాత్రం ఈ సదుపాయం వర్తించదు.

మన దగ్గరా...

ఇలాంటి చదువు కోసం సముద్రాలు దాటాల్సిన పని లేదిప్పుడు. 2014లో హరియాణాలోని సోనీపత్‌లో అశోకా విశ్వవిద్యాలయం, 2018లో మన శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం లిబరల్ ఆర్ట్స్ లక్ష్యంగానే మొదలయ్యాయి. అయితే ప్రైవేటు సంస్థలు కాబట్టి ఫీజులూ ఉపకారవేతనాలూ ముందే ఆరా తీసుకోవాలి. ఐఐటీ హైదరాబాద్‌లో లిబరల్ ఆర్ట్స్‌కి ప్రత్యేక విభాగం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్‌తోపాటు మానవశాస్త్రాలు కలిపి చదివే కోర్సు ఉంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా నాలుగేళ్ల డిగ్రీనీ, రకరకాల సబ్జెక్టులు కలిపి చదవడాన్నీ ప్రోత్సహిస్తోంది. కాగితం మీది మాట తరగతి దాకా ఎంతవరకు చేరుతుందన్నది కళాశాలల చేతుల్లో ఉంది.

అన్నింటికన్నా ముఖ్యమైంది ఇంటి సంగతి. ఇంటర్ చదివే పిల్లలకు పొద్దున్న స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్ట్. పరీక్షలైన మర్నాడే ఎప్‌సెట్ కోచింగ్. పదహారు గళ్లలోనూ పదహారు పలకలు బిగించేశాం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చిన కొద్దిరోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో బిడ్డ వెనకా ఒక్కో కథ ఉంటుంది, అన్నిటికీ ఒకటే కారణం చెప్పలేం. కానీ పరీక్ష పోతే జీవితమే పోయినట్టు అనిపించే వాతావరణం మాత్రం పెద్దలు కల్పించిందే.

ఆ వాతావరణం మార్చడానికి హార్వర్డ్ డీన్ అక్కర్లేదు. వారంలో ఒక సాయంత్రం ఏ క్లాసూ లేకుండా వదిలేయొచ్చు. సిలబస్‌తో సంబంధం లేని ఓ పుస్తకం చేతికివ్వొచ్చు. క్రికెట్టో వీణో బొమ్మలేయడమో... అందులో బహుమతి వస్తుందా అని అడగకుండా ఆడనివ్వొచ్చు. తక్కువ మార్కులొచ్చిన సబ్జెక్టు గురించి ‘ఎందుకు తగ్గాయి’ అనే ముందు ‘ఇందులో నీకు నచ్చిందేమిటి’ అని అడగొచ్చు. కాలేజీ నుంచి ఫోన్ చేసినప్పుడు ‘పరీక్షలెలా రాశావ్’ ఒక్కటే కాకుండా ‘కొత్తగా ఎవరు స్నేహితులయ్యారు, ఏం మాట్లాడుకున్నారు’ అని కూడా ఆరా తీయొచ్చు.

వీటిలో దేనికీ ఫీజు లేదు. ర్యాంకుతో పనిలేదు. ఈ ఆదివారమే మొదలెట్టొచ్చు.